చేసే పని, మనసు ఆరోగ్యం
(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఓపీ చీటీ రాసేటప్పుడు పేరు, వయసు, ఊరు అడిగిన తర్వాత "ఏం పని చేస్తారు?" అని అడుగుతాం. "సేద్యం" అంటారు, "బేల్దారి" అంటారు, "మగ్గం" అంటారు, "డ్రైవరు" అంటారు. ఆ ఒక్క మాట చీటీలో గడి నింపడానికి సరిపోతుంది. జబ్బు తెలుసుకోవడానికి మాత్రం సరిపోదు.

తలనొప్పి, గుండెదడ, కడుపులో మంట, ఒళ్ళంతా నొప్పులు, నిద్ర పట్టకపోవడం అని వచ్చేవారిలో కొందరికి రక్తపరీక్షలు, ఈసీజీ, స్కానింగు అన్నీ బాగానే ఉంటాయి. అప్పుడు ఇంటివాళ్ళు "ఏ జబ్బూ లేదంట, ఊరికే నటిస్తున్నాడు" అంటారు. లేకపోతే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. "పిరికివాడు", "సోమరి" అని పేరు పెడతారు. కోడలైతే "పని ఎగ్గొట్టడానికి వేషాలు" అంటారు. పాపం ఆ మనిషి జబ్బుతోపాటు ఈ మాటలు కూడా మోయాలి.

ఈ రోజు మీకు చెప్పదలచిన విషయం ఒక్కటే. మనసు కుంగిపోయిన మనిషి గుణాన్ని తప్పుపట్టే ముందు, ఆ మనిషి ఎలాంటి పరిస్థితుల్లో పని చేస్తున్నాడో చూడండి. మందు ఎంత అవసరమో, పనిలో ఏదో ఒకటి మార్చడం కూడా అంతే అవసరం. ఆ మార్పు డాక్టరుగారి చేతిలో లేదు. చాలావరకు మీ చేతిలోనే ఉంది.

కష్టపడితే మనసు చెడుతుందా?

లేదు. మన రాయలసీమవాళ్ళు కష్టానికి భయపడేవాళ్ళు కాదు. పని మనిషికి అన్నం పెడుతుంది, నలుగురిలో గౌరవం ఇస్తుంది. మరి ఏ పని మనసును దెబ్బతీస్తుంది? అమెరికాలో రాబర్ట్ కారసెక్ అనే పరిశోధకుడు 1979లో ఒక విషయం చెప్పారు. పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పనిలో తన మాట ఏమాత్రం చెల్లకపోతే మనిషి ఎక్కువగా నలిగిపోతాడని. జర్మనీలో పనిచేసిన యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో దానికి మరొకటి చేర్చారు. పడిన కష్టానికి తగిన కూలి, మర్యాద, రేపటి మీద ధైర్యం దక్కకపోతే ఆరోగ్యం దెబ్బతింటుందని.

మన ఇంటి మాటల్లో చెప్పుకుంటే ఇవి నాలుగు ప్రశ్నలు. ఆ పనిలో ఆయన మాట ఏమైనా చెల్లుతుందా? కష్టానికి ఫలం చేతికి వస్తుందన్న నమ్మకం ఉందా? కంటినిండా నిద్రపోవడానికి సమయం ఉందా? పక్కన మర్యాదగా మాట్లాడే తోడు ఉందా? నాలుగింటికీ "లేదు" అని జవాబు వస్తే, ఎంతటి ధైర్యవంతుడైనా కుంగిపోవచ్చు.

దీనికి కారణం మన ఒంట్లోనే ఉంది. ఎదురుగా పాము కనబడితే గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పాము వెళ్ళిపోతే కాసేపటికి అన్నీ సర్దుకుంటాయి. కానీ అప్పు, మేస్త్రీ, యజమాని, రేపటి కూలి అనే భయం వెళ్ళిపోయే పాము కాదు. నెలల తరబడి శరీరం బిగుసుకునే ఉంటుంది. అదే గుండెదడగా, నొప్పిగా, నిద్రలేమిగా బయటపడుతుంది. కాబట్టి అది నటన కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం దిగులు, ఆందోళన జబ్బుల వల్ల ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు నష్టమవుతున్నాయి. ఇప్పుడు మన కర్నూలు, కడప ప్రాంతాల్లోని పనులను ఒక్కొక్కటిగా చూద్దాం.

మెట్ట సేద్యం

మన మెట్ట పొలాల్లో రైతు ఎంత కష్టపడినా చివరి మాట వానదే. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం వెతికే జనాన్ని చూసి మనం నవ్వుకుంటాం. విత్తనం వేసి మొగులు వైపు చూసే రైతు పరిస్థితి కూడా దానికి ఎంతో దూరం లేదు. వాన పడి పంట వచ్చినా ధర తన చేతిలో లేదు. పత్తికొండ టమోటా, కర్నూలు ఉల్లి ధర పడిపోయినప్పుడు రైతు పంటను మార్కెట్టులోనే వదిలి, బండి బాడుగ చేతి నుంచి పెట్టుకొని వస్తాడు. గుత్తకు చేసే రైతుకు ఇంకా కష్టం. 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు రావాలన్నా భూమి యజమాని సంతకం కావలసి వచ్చింది.

ఇలాంటి రైతు ఇంట్లో మౌనంగా కూర్చుంటే "ఏమాలోచిస్తున్నావ్?" అని అడిగేవాళ్ళు ఉండరు. "అప్పు ఎట్ల తీరుస్తావ్?" అని అడిగేవాళ్ళే ఉంటారు. 2004 జూన్‌లో ప్రభుత్వం 421వ నంబరు జీవో ఇచ్చి, ప్రాణం తీసుకున్న రైతుల కుటుంబాలకు సాయం ప్రకటించింది. అది అవసరమే. కానీ మనిషి పోయిన తర్వాత వచ్చే సాయం కంటే, మనిషి ఉండగా ఇంట్లో జరిగే మాట ముఖ్యం.

మీరు చేయగలిగింది: బ్యాంకు, సొసైటీ, బంగారం మీద, చేబదులు, వడ్డీ వ్యాపారి - అప్పులన్నీ ఒకే కాగితం మీద రాయండి. మనసులో ఉన్న అప్పు కాగితం మీద ఉన్న అప్పు కంటే పెద్దదిగా కనబడుతుంది. కరువు మండలంగా ప్రకటించినప్పుడు పంట రుణం గడువు మార్చి రాసే వీలు బ్యాంకులకు ఉంది. మీరు తోడు వెళ్ళి అడగండి. ఒంటరిగా పంపవద్దు. పురుగుమందు ఇంట్లో, మంచం కింద పెట్టవద్దు. పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వేరేవారి దగ్గర ఉంచండి. శ్రీలంకలో ప్రమాదకరమైన పురుగుమందులను నిషేధిస్తూ వచ్చిన తర్వాత ఆత్మహత్యలు సుమారు 70 శాతం తగ్గాయి. మనిషికి తీవ్రమైన ఆలోచన వచ్చిన ఆ కొద్ది గంటలు విషం చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

మగ్గం

ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించి ఎంతో మందికి పని చూపించారు. కానీ సంఘం అండ లేని నేతకారుడు ఆసామి దగ్గర నూలు తెచ్చుకుంటాడు, ముందుగా కొంత డబ్బు తీసుకుంటాడు. ఆ బాకీ తీరేదాకా కూలి పెంచమని అడగలేడు, వేరే చోటికి పోలేడు. ఇంట్లోనే పని కాబట్టి సుఖమనుకుంటాం. నిజానికి ఆ ఇంట్లో పనికి, విశ్రాంతికి మధ్య గోడ లేదు. భర్త నేస్తాడు, భార్య కండెలు చుడుతుంది, వంట చేస్తుంది, మళ్ళీ కండెలు చుడుతుంది. కూలి లెక్కలో మాత్రం ఆమె పేరు ఉండదు. వానాకాలం గుంట మగ్గంలోకి చెమ్మ ఎక్కితే పని ఆగుతుంది. తిండి ఖర్చు ఆగదు.

మాధవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నుంచి వచ్చే నేత కుటుంబాలకు ఒక్క మాట చెప్తున్నాను. సాయంత్రం ఒక వేళ పెట్టుకొని మగ్గం మీద గుడ్డ కప్పండి. తర్వాత గంటసేపు పని మాట, అప్పు మాట ఎత్తకండి. ఇది చిన్న విషయం కాదు. మనసుకు "ఈ రోజు పని అయిపోయింది" అని తెలియాలి.

సుగ్గి

కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు ఊళ్ళలో సుగ్గి అంటే అందరికీ తెలుసు. మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు, పత్తి తీయడానికి ఎక్కడికంటే అక్కడికి, బేల్దారి పనికి బెంగళూరు, హైదరాబాదులకు కుటుంబాలు కుటుంబాలే పోతాయి. పని దొరుకుతుంది, నాలుగు రూకలు మిగులుతాయి. కానీ గుడారంలో నిద్ర, నీళ్ళకు కరువు, మరుగుకు చోటు లేక ఆడవాళ్ళు పడే ఇబ్బంది, ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గర వదిలిన పిల్లల మీద బెంగ - ఇవన్నీ కూలితోపాటు వచ్చేవే.

సుగ్గికి పోయే తల్లికి పిల్లల బెంగ ఉంటే, ఊళ్ళో మిగిలిన పిల్లలకు తల్లి బెంగ ఉంటుంది. పక్క తడపడం, బడి అంటే ఏడవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం పిల్లల్లో ఆ బెంగకు గుర్తులు. కొట్టవద్దు. రోజూ ఒకే వేళకు తల్లిదండ్రులతో ఫోనులో మాట్లాడించండి. వాళ్ళు ఎప్పుడు వస్తారో క్యాలెండరులో చూపించండి. పిల్లలకు దూరం కంటే, ఎప్పుడొస్తారో తెలియకపోవడమే ఎక్కువ బాధ.

కువైట్

రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి వైపు చాలా ఇళ్ళలో కువైట్‌లో ఉన్న మనిషి ఉంటారు. ఇంటి పనికి పోయిన ఆడమనిషికి పనిచేసే చోటే నివాసం. తెల్లవారి లేచినప్పటి నుంచి పిల్లలు పడుకునేదాకా పని. భాష రాదు, బయటికి పోవడానికి లేదు, ఫోను వాడటానికి కూడా అనుమతి అడగాలి. ఇందాక చెప్పిన నాలుగు ప్రశ్నలను ఆమెకు వేసి చూడండి. అక్కడ ఏడిస్తే వినేవాళ్ళు లేరు. ఇంటికి ఫోను చేస్తే "డబ్బు ఎప్పుడు పంపుతావు?" అని అడుగుతారు.

కువైట్ దేశం 2015లో ఇంటి పనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం చేసింది. దాని ప్రకారం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పనిమనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. మన దేశం వైపు నుంచి, 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళకు అక్కడి ఇంటి పనికి వలస అనుమతి ఇవ్వరు. విజిటింగ్ వీసా మీద పంపుతానన్న ఏజెంటు మాట నమ్మితే ఈ రక్షణలేవీ ఉండవు.

తిరిగి వచ్చిన తర్వాత కూడా గమనించండి. కొందరు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తారు, పిలిస్తే వణుకుతారు, ఇంట్లో పరాయివాళ్ళలా ఉంటారు. "ఏం సంపాదించుకొచ్చావు?" అని మొదటి రోజే అడగకండి. ముందు తిననివ్వండి, నిద్రపోనివ్వండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పుకుంటే వినండి.

రాయి, స్టీరింగు

బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవారికి దుమ్ము, చప్పుడు, ఎండ తప్పవు. రాతి దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చి ఊపిరితిత్తులు పాడైతే ఆయాసం వస్తుంది. ఆయాసం వచ్చిన ప్రతిసారీ "చచ్చిపోతానేమో" అన్న భయం వస్తుంది. అది పిరికితనం కాదు. గాలి అందకపోతే ఏ మనిషైనా భయపడతాడు. ఆ భయానికి, ఒళ్ళు నొప్పులకు చాలామంది సాయంత్రం మందు తాగుతారు. మద్యం ఆ పూటకు నిద్ర తెచ్చినట్టు ఉంటుంది, కానీ నిద్రను ముక్కలు చేస్తుంది. తెల్లవారేసరికి దిగులు ఇంకా పెరుగుతుంది. కాబట్టి తాగుడు మాన్పించాలంటే తిట్టడం ఒక్కటే చాలదు. ఆయాసానికీ నొప్పికీ వైద్యం చేయించాలి, దుమ్ము తగ్గించాలి.

డ్రైవర్ల భార్యలు "పని మంచిదే సిస్టర్, జీతం సరిగానే వస్తుంది" అంటుంటారు. "ఎన్ని గంటలు నిద్రపోతాడమ్మా?" అని అడిగితేనే అసలు విషయం బయటపడుతుంది. లారీలో రాత్రిళ్ళు తోలి పగలు ఎండలో, క్యాబిన్‌లో మూడు గంటలు కునుకు తీసే మనిషికి కోపం, మతిమరుపు, దిగులు రావడంలో ఆశ్చర్యం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక లెక్క చెప్పాయి. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవారికంటే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. ఆయన ఇంటికి వచ్చిన రోజు గది చీకటి చేసి, పిల్లలను బయటికి పంపి, నిద్రపోనివ్వండి. సంసారం మాటలు లేచిన తర్వాత మాట్లాడుకోవచ్చు.

నీడపట్టు పనులు, అసలు పని లేకపోవడం

నీడలో కూర్చొని చేసే పనిలో కష్టమేముందని అనుకోవద్దు. ప్రైవేటు స్కూలు టీచరు, బట్టల షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే అమ్మాయి, వసూళ్ళ టార్గెట్ ఉన్న ఫైనాన్సు కుర్రవాడు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు, రాత్రి డ్యూటీలు చేసే మా నర్సులు - వీళ్ళందరూ ముఖం మీద చిరునవ్వు చెదరకుండా మాట పడాలి. పనిచేసే చోట మగవాళ్ళ వెకిలి చేష్టలను సహించే ఆడపిల్ల కూడా "తలనొప్పి" అనే చెబుతుంది. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. చిన్న దుకాణాల వారి కోసం జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. "ఉద్యోగం మానెయ్" అని బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టడం పరిష్కారం కాదు. తప్పు చేసింది ఆమె కాదు గదా.

పని పోవడం కూడా పెద్ద దెబ్బే. ఆస్ట్రియాలో మారియంతాల్ అనే ఊళ్ళో 1930 ప్రాంతంలో మిల్లు మూతబడింది. పరిశోధకులు వెళ్ళి చూస్తే ఖాళీ సమయం పెరిగినా జనం లైబ్రరీ పుస్తకాలు తీసుకెళ్ళడం తగ్గింది, మగవాళ్ళ నడక నెమ్మదించింది. ఆడవాళ్ళు మాత్రం వేగంగానే నడిచారు, వాళ్ళ ఇంటి పని మూతబడలేదు కాబట్టి. మన కడప దగ్గర చెన్నూరు చక్కెర ఫ్యాక్టరీ లాంటివి మూతబడినప్పుడు జీతం ఒక్కటే పోలేదు. పొద్దున లేచి పోవలసిన చోటు, "నేను ఫలానా" అని చెప్పుకునే మాట కూడా పోయాయి. పని పోయిన మనిషికి ఇంట్లో ఏదో ఒక బాధ్యత, ఒక వేళ అప్పగించండి.

ఎప్పుడు ఆసుపత్రికి తీసుకురావాలి?

దిగులు, ఆసక్తి లేకపోవడం, నిద్ర లేదా ఆకలి తగ్గడం, ఊరకే ఏడుపు లేదా కోపం, "నేను ఎవరికీ అక్కరకు రాను" అనే మాటలు రెండు వారాలు దాటి ఉంటే తీసుకురండి. చావు మాట ఎత్తినా, వస్తువులు పంచిపెడుతున్నా, అప్పగింతలు చెబుతున్నా ఆ రోజే తీసుకురండి, ఒంటరిగా వదలవద్దు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని మెల్లగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్న బరువు దిగుతుంది.

పోలీసు కేసు అవుతుందని భయపడి దాచవద్దు. 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చిన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి, శిక్ష కాకుండా వైద్యం ఇవ్వాలని చెబుతోంది. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్‌లో పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ ఇది. కర్నూలు పెద్దాసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక వైద్యులు ఉంటారు.

డాక్టరుగారు రాసే దిగులు మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. "వారం వాడినా తగ్గలేదు" అని ఆపవద్దు. "తగ్గింది" అని కూడా మీ అంతట మీరు ఆపవద్దు.

ఆసుపత్రికి వచ్చినప్పుడు పని గురించి ఒక్క మాటతో సరిపెట్టకండి. ఎన్ని గంటలు, రాత్రా పగలా, ఎవరి కింద, కూలి ఎప్పుడు చేతికి వస్తుంది, ఎంత అప్పు, ఏ మందు పిచికారీ చేస్తాడు - ఇవన్నీ చెప్పండి. ఇంటికి వెళ్ళిన తర్వాత పనిలో మార్చగలిగింది ఒక్కటి మార్చండి. మేస్త్రీతో మీరే మాట్లాడి రాత్రి పని తప్పించడం కావచ్చు, వారానికో పూట సెలవు కావచ్చు, అప్పు భారం అన్నదమ్ములు పంచుకోవడం కావచ్చు. అదే పరిస్థితిలోకి అలాగే పంపితే మందు ఒకవైపు లాగుతుంది, పని మరోవైపు లాగుతుంది.

చివరగా, వార్డు బయట చాప వేసుకొని వారాల తరబడి ఉండే మీ గురించి. రోగిని చూసుకోవడం కూడా పనే. జీతం లేని పని, సెలవు లేని పని, రాత్రి డ్యూటీ, పగటి డ్యూటీ రెండూ ఉన్న పని. ఇందాకటి నాలుగు ప్రశ్నలు మీకు కూడా వేసుకోండి. ఇంట్లో మరొకరిని పిలిపించి వంతులు వేసుకోండి. వేళకు తినండి. రెండు రాత్రులకొకసారైనా ఇంటికో, బంధువుల ఇంటికో వెళ్ళి నిద్రపోండి. ఆ రాత్రికి ఎవరూ తోడు లేకపోతే డ్యూటీలో ఉన్న సిస్టర్‌తో చెప్పండి.

 సందేహాలు ఉన్నవారు మొహమాటపడకుండా అడగండి. నలుగురిలో అడగలేనివారు తర్వాత విడిగా వచ్చి అడగవచ్చు.